ఫోకస్ నిలవని ఫోటో

1955 కార్తీకమాసం. కడపలో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. వారానికొకసారి, సంతరోజున, కెమెరా పెట్టె, మూడుకాళ్ల స్టాండు బస్సు టాపు మీద వేయించుకుని వేంపల్లెకు పోయేవాణ్ని. అక్కడ నూనెగానుగ నడిపే శెట్టి ఒకాయన తన వసారా వాడుకోనిచ్చేవాడు. వెనక తెల్లదుప్పటి కట్టి, ముందు కుర్చీ వేస్తే అదే నా వేంపల్లె స్టూడియో. చుట్టుపక్కల పల్లెల వాళ్లు శెనక్కాయలు అమ్ముకుని పోతూ పోతూ ఫోటో దిగేవాళ్లు.

సొంత కెమెరాలు కొనుక్కున్నవాళ్లు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు, తాము తీసిన ఫోటోల్లో జీవం ఎందుకు ఉండదని. వాళ్లు తెచ్చినవి చూస్తే కారణం తెలిసిపోతుంది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు తీసి ఉంటారు. కళ్లుండే చోట రెండు నల్లటి గుంతలు తప్ప ఏమీ కనబడవు. లేదా అంత దూరాన నిలబడి తీసి ఉంటారు, ఫోటోలో మనిషికంటే గోడే ఎక్కువ ఉంటుంది. పక్కనుంచి వెలుతురు పడేచోట మనిషిని కూర్చోబెట్టండి, భయపడకుండా దగ్గరికి పోండి అని చెబుతాను. ఇంకొకటి కూడా చెబుతాను, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఫోకస్ ఒకసారి చూసుకుని వదిలేయకండి, మళ్లీ చూడండి. మనిషి కంటి మీద చూడండి. ఆ రెండోసారి చూడడంలో ఏముందని అడిగినవాళ్లకు మార్తమ్మ సంగతి చెబుతాను.

ఆ రోజు ఇంకా సంత పుంజుకోలేదు. చలిగా ఉంది. దుప్పటి కడుతుంటే ఒక ముసలాయన ఎద్దులబండి ఆపి దిగి వచ్చాడు. పేరు దావీదు. కొండ అవతలి పల్లెలో రెండెకరాల మెట్ట సేద్యం.

"సామీ, ఫోటో దీయల్ల. బిన్నా రావల్ల, టైము లేదు."

"ఎవరికి పెద్దాయనా?"

"నా కోడలికి. పొద్దున సచ్చిపాయ."

చనిపోయినవాళ్ల ఫోటోలు తీయడం ఆ రోజుల్లో మాకు మామూలు పనే. బతికుండగా ఒక్క ఫోటో కూడా దిగని మనుషులు ఎందరో. కానీ నాకు శవమంటే భయం. తీసిన ప్రతిసారీ ఆ ముఖం కొన్నాళ్లు కళ్లముందు నుంచి పోయేది కాదు. ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకోవాలనే అనుకున్నాను. దావీదు నా చేతులు పట్టుకున్నాడు.

"నా కొడుకు గుంతకల్లు కాడ రైలు పట్టాల పనిలో ఉండాడు. తంతి ఇచ్చినాం. వాడు రేపటిగ్గాని రాడు. పాము కరిసిన పీనుగు, పొద్దు గూకకముందే పూడ్సల్లంటాండారు. వాడికి పెండ్లాం మొగమైనా సూపీకపోతే ఎట్ల సామీ?"

కెమెరా పెట్టె, స్టాండు బండిలో వేయించాను. బండెక్కాను.

దారిలో జరిగిందంతా చెప్పాడు. రాత్రి మార్తమ్మ, ఆమె అత్త సుందరమ్మ కళ్లంలో శెనక్కాయల కుప్పకు కావలి పడుకున్నారు. తెల్లవారుజామున మార్తమ్మ కడుపునొప్పి అంటూ లేచింది. కాసేపటికి రెప్పలు వాలిపోయాయి, మాట ముద్దగా వచ్చింది. పరుచుకున్న గోనె కింద కట్లపాము కనబడింది. నాటువైద్యుడు ఆకుపసరు పోశాడు, మంత్రం వేశాడు. పొద్దు పొడిచేసరికి కాలూ చేయీ ఆడడం ఆగిపోయింది. ముక్కు దగ్గర చేయి పెట్టి చూశారు. ఏమీ తగల్లేదు.

పల్లె చేరేసరికి రెండు చప్పుళ్లు వినబడుతున్నాయి. ఇంటిముందు పందిట్లో వడ్రంగి శవపెట్టెకు మేకులు కొడుతున్నాడు. ఊరి పక్కన గట్టినేల మీద గడ్డపార పడుతోంది. ఆ నేలలో గుంత తవ్వడం తేలిక కాదు. గడ్డపార దిగిన ప్రతిసారీ రాయి మీద పడ్డట్టు ఖణేల్మంటోంది.

మార్తమ్మను లోపల నులకమంచం మీద పడుకోబెట్టారు. ఇరవై ఏళ్లు దాటి ఉండవు. తెల్లగుడ్డ గుండెల దాకా కప్పి, చేతులు దాని మీద కలిపి పెట్టారు. మెడలో తెల్లపూసల దండ. గదిలో చీకటి. పక్కనే పాస్టరయ్య బైబిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఆ పక్క పల్లెల చర్చీలన్నింటికీ ఆయనే.

"బయట ఎండలో పెట్టి తీస్తారా?" అని ఆయన అడిగాడు.

సాధారణంగా అందరూ అలాగే తీయిస్తారు. మంచం వాకిట్లో వేసి, చుట్టూ బంధువులంతా నిలబడతారు. పోయిన మనిషి ముఖం గోరంత వస్తుంది. ఆమె భర్త చూడాల్సింది ఈ ముఖం కదా అనిపించింది. మంచాన్ని వాకిలి దగ్గరికి జరపమన్నాను. తలుపులోంచి వెలుతురు ఒక పక్కగా ముఖం మీద పడింది. స్టాండు కాళ్లు పొట్టిచేసి, నేను ఎంత వద్దనుకున్నా, ఆమె తలకు మూరెడు దూరం దాకా కెమెరా తీసుకుపోయాను. నల్లగుడ్డ కప్పుకుని లోపలికి దూరాను.

ఆనాటి కెమెరాల్లో వెనక గ్రౌండ్ గ్లాస్ అని మసక అద్దం ఉంటుంది. ముందున్నదంతా దాని మీద తలకిందులుగా పడుతుంది. ఫోకసింగ్ గ్లాసు, అంటే గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే భూతద్దం లాంటిదాన్ని, ఆ అద్దానికి ఆనించి చూస్తూ బొమ్మ స్పష్టంగా వచ్చేదాకా కెమెరా మడతల తిత్తిని ముందుకూ వెనక్కూ జరపాలి. ఆమె కనురెప్ప వెంట్రుకలు, మెడలో పూస, రెండూ గీత గీసినట్టు వచ్చాయి. మర బిగించాను. అలవాటు ప్రకారం మళ్లీ చూశాను.

పూస మసకబారి ఉంది.

మట్టినేలలో స్టాండు కాలు దిగిందేమో అనుకున్నాను. సరిచేసి బిగించాను. చూస్తుండగానే పూస స్పష్టంగా వచ్చి, మళ్లీ మసకబారింది. కనురెప్ప వెంట్రుకలు మాత్రం ఎక్కడా చెదరలేదు. స్టాండు కదిలి ఉంటే అవీ చెదరాలి. కదులుతోంది పూస ఒక్కటే.

నల్లగుడ్డ లోపల నాకు చెమటలు పట్టాయి. నా కళ్లే నన్ను మోసం చేస్తున్నాయా? లేదంటే? రెండింటిలో ఏది నిజమైనా భయమే. ఈ అత్తమామలకు లేని ఆశ కల్పించి, తర్వాత కాదని తేలితే వాళ్ల ముఖాలు ఎలా చూడను? చెప్పకుండా ఫోటో తీసుకుని పోతే? బయట మేకు మీద సుత్తి దెబ్బ పడింది.

గుడ్డ తీసి, ఫోకసింగ్ గ్లాసు తుడిచి, మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. చలికి గ్లాసు చల్లగా ఉంది. ఆమె ముక్కు కింద పట్టాను. ఏమీ లేదు. తీసేద్దామనుకుంటుండగా అద్దం మీద పలచగా ఆవిరి పట్టింది. పోయింది. మళ్లీ పట్టింది.

"అయ్యగారూ, ఇది చూడండి" అన్నాను.

పాస్టరయ్య వంగి చూశాడు. ఆయన ముఖంలో నెత్తురు లేదు. "దేవా" అని ఒక్క మాట అని, బైబిలు మంచం మీదే వదిలేసి వాకిట్లోకి పరుగెత్తాడు. "గడ్డపార ఆపండి! ఆపండ్రా!" అని ఆయన అరిచిన అరుపుకు సుత్తీ గడ్డపారా రెండూ ఆగిపోయాయి.

వెంటనే మిషన్ ఆస్పత్రికి తీసుకుపోదామని నేనన్నాను. అప్పుడు లేచింది గగ్గోలు. ఆడవాళ్లు కొందరు కేకలు వేస్తూ బయటికి ఉరికారు. వరుసకు దావీదుకు పెదనాన్న అయ్యే ముసలాయన గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"యాడికప్పా ఎత్తకపోయేది? పాణం పోయిన మనిషిని ఊర్లు తిప్పుతారా? ఏదన్నా దయ్యంగాలి చేరిందేమో! వద్దు దావీదూ, నా మాట ఇను."

దావీదు ఆయన వైపు చూశాడు, కోడలి వైపు చూశాడు.

"బతికింటే? బతికుండే పిల్లను పూడిస్తిమంటే నా కొడుక్కు ఏం జవాబు జెప్పల్ల పెద్దనాయనా? జరుగు."

మంచంతో సహా ఎత్తి రోడ్డు దాకా బండి మీద తెచ్చాం. బస్సు రావడానికి చాలా వ్యవధి ఉంది. గనుల నుంచి ముగ్గురాయి లోడుతో వస్తున్న లారీకి పాస్టరయ్య రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు. డ్రైవరు ఖాసీం సాయిబు సంగతి విని ఇంకో ప్రశ్న వేయలేదు. రాళ్ల మీద గోనెలు పరిచి మంచం ఎక్కించాం. సుందరమ్మ కోడలి తల ఒళ్లో పెట్టుకుంది. దావీదు, నేను చెరో పక్క కూర్చున్నాం. కెమెరా ఆ ఇంట్లోనే ఉండిపోయింది. గ్లాసు మాత్రం నా పిడికిట్లో ఉంది.

లారీ గతుకుల్లో ఎగిరిపడుతుంటే పూసను చూసి ఊపిరి పోల్చుకోవడం కుదరదు. గ్లాసే దిక్కు. మలుపు వచ్చినప్పుడల్లా ఖాసీం తల బయటికి పెట్టి అడిగేవాడు.

"ఉండాదా సాబ్?"

"ఉండాది. పోనీ."

పొద్దెక్కింది. ఎండ సుర్రుమంది. ఒకసారి గ్లాసు పెట్టాను, ఆవిరి పట్టలేదు. ఆగి మళ్లీ పెట్టాను, పట్టలేదు. సుందరమ్మ నా ముఖంలోకే చూస్తోంది.

"ఏమైందప్పా? సెప్పు. ఏమైంది?"

అంతలో ఖాసీం గొంతు. "ఉండాదా సాబ్?" అప్పుడు చేతిలో గ్లాసు వెచ్చగా తగిలింది. ఎండకు వేడెక్కిన అద్దం మీద ఆవిరి ఎలా పడుతుంది? దావీదు చేతిలోని కూజా లాక్కుని గ్లాసు నీళ్లలో ముంచి, తుడిచి పెట్టాను. కంటికి కనబడీ కనబడనంత మసక. అయినా మసకే.

"ఉండాది! తొందరగా పోనీ!"

ఆ తర్వాత దారంతా గ్లాసు ముంచడం, తుడవడం, చూడడం. ఇప్పటికీ నా కలలో ఆ లారీ ఆస్పత్రి చేరదు.

కానీ ఆ రోజు చేరింది. మిషన్ ఆస్పత్రిలో డాక్టరమ్మ ఒక్క నిమిషం చూసి అందరినీ బయటికి పంపేసింది. పాము విషానికి సూదిమందు ఇచ్చారు. గొంతులో గొట్టం వేసి, నర్సులు వంతులు వేసుకుని రబ్బరు సంచి నొక్కుతూ ఊపిరి అందించారు. బతుకుతుందని ఎవరూ చెప్పలేదు. మరునాడు భర్త రత్నం దిగాడు. పెళ్లాన్ని పూడ్చిన చోటు చూడడానికి వచ్చినవాడు ఆస్పత్రి గుమ్మం దగ్గర కూలబడిపోయాడు. ఆ సాయంత్రం ఆమె కుడిచేతి వేలు కదిలింది. తర్వాత రెప్పలు లేచాయి.

సంక్రాంతి దాటాక భార్యాభర్తలిద్దరూ కడపలో నా స్టూడియోకు వచ్చారు. ఆనాడు తీయని ఫోటో ఇప్పుడు తీయించుకుంటామన్నారు. మార్తమ్మ కళ్లు తెరిచి ఉండగా చూడడం నాకదే మొదలు. కుర్చీలో కూర్చుని నెమ్మదిగా చెప్పింది.

"నాకు అన్నీ ఇనపడతాండె అన్నా. రెప్ప లేయకపాయ, నోరు కదలకపాయ. పలకలకు మేకులు కొట్టేది ఇనపడె. గుంత యాడ తవ్వల్లో మా మామ సెప్పేది ఇనపడె. లోపల అరస్తానే ఉంటి. మీరొచ్చి మంచం జరపమంటిరి. రెప్పల మీద ఎర్రగా ఎలుతురు పడె. ఇంగ గుంతకాడికి మోసుకపోతాండారు అనుకుంటి."

రత్నం తల దించుకున్నాడు. కెమెరా సర్దుకునే నెపంతో నల్లగుడ్డలో తల దాచుకున్నాను. ఫోకస్ చూసుకున్నాను, మళ్లీ చూసుకున్నాను. ఫోటోగ్రాఫర్లందరం అనే మాటే నా నోటి వెంట వచ్చింది.

"కదలొద్దు. ఊపిరి బిగబట్టండి."

గ్రౌండ్ గ్లాస్ మీద ఆమె ముఖం పాలిపోయింది. కళ్లు పెద్దవయ్యాయి. రెండు చేతులా మొగుడి చొక్కా పట్టుకుంది. నేను గుడ్డ విసిరేసి బయటికి వచ్చాను.

"వద్దమ్మా, వద్దు. కదులు. మాట్లాడు. ఊపిరి బాగా తీసుకో."

కుర్చీ కిటికీ పక్కకు మార్చాను. అక్కడ వెలుతురు ఎక్కువ, ఎక్స్‌పోజర్, అంటే ప్లేటుకు వెలుతురు తగలనిచ్చే సమయం, తక్కువ చాలు. వాళ్లను మాట్లాడుకోమన్నాను. రైలు పట్టాల మీద నిద్రపోయిన మేకను లేపలేక తమ మేస్త్రీ పడిన తిప్పలు రత్నం చెప్పాడు. ఆమె కొంగు సర్దుకుంటూ నవ్వింది. అప్పుడు తీశాను.

కడిగి చూస్తే ముఖం బాగా వచ్చింది, కొంగు పట్టుకున్న చేయి మాత్రం కాస్త చెదిరింది. ఇంకొకటి తీస్తానన్నాను.

"ఇదే ఇయ్యన్నా" అంది మార్తమ్మ. "కదిలినట్టు తెలుస్తాండాది గదా."

ఎండ, దూరం, ఫోకస్ అన్నీ సరిగ్గా ఉన్నా చాలా ఫోటోలు చప్పగా ఎందుకుంటాయో నాకు ఆ రోజు తెలిసింది. కదలొద్దని చెప్పి మనిషిని కట్టెలా బిగిసిపోయేలా చేసేది మేమే. ఆ తర్వాత స్టూడియో నడిపినన్నాళ్లూ ఎవరినీ ఊపిరి బిగబట్టమని అడగలేదు. కిటికీ దగ్గర కూర్చోబెట్టేవాణ్ని, మాటల్లో పెట్టేవాణ్ని, వాళ్లు ఊపిరి వదిలేదాకా ఆగేవాణ్ని.