చిన్ని తినని బియ్యం

పుణేలో, బెంగళూరులో ఉన్న మనవలూ, ఇది మీ చెల్లెలు చిన్ని ముచ్చట. మిర్యాలగూడలో మనకు రైసుమిల్లు ఉంది కదా. మూడేళ్ల చిన్ని చెడ్డీలో బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే, మిల్లులో పచ్చి బియ్యం తింటోందనుకున్నాం.

"మళ్ల బియ్యం బుక్కినవానే?" అని కోడలు గద్దించేది.

"నేను తినలే మమ్మీ" అని పిల్ల ఏడ్చేది.

ఎవరమూ నమ్మలేదు. బియ్యం డబ్బా దాచినా గింజలు ఆగలేదు, పిల్ల చిక్కిపోయింది. కోదాడ డాక్టరు నులిపురుగులని మందిచ్చాడు, తగ్గలేదు. బస్సులెక్కి దిగి నా మోకాళ్లు అరిగిపోయాయి.

ఒక పొద్దున చెడ్డీ ఉతకబోతుంటే అందులోని గింజ మెల్లగా కదిలింది. దాన్ని సీసాలో వేసుకుని సూర్యాపేట పిల్లల దవాఖానకు పోయాం.

డాక్టరమ్మ దాన్ని పరీక్ష చేయించి, "మీ ఇంట్ల కుక్క ఉన్నదా పెద్దమ్మా?" అని అడిగింది.

"మిల్లు కాడ ఉంటది. పిల్లకు ఆ కుక్కే పరుపు" అన్నాను.

"ఇది బియ్యం కాదు, బద్దెపురుగు ముక్క. పిల్ల నోట్లకు కుక్క ఒంటిమీది చిన్న పురుగు పోతే వస్తది. శానా అరుదు. దీనికి వేరే మందుంది, భయపడకుండ్రి. కుక్కకు గూడ మందు ఏపియ్యుండ్రి."

తిరుగు బస్సులో చిన్ని నా ఒళ్లో వాలి, "నేను తినలేదని డాక్టరమ్మ చెప్పింది కదా నానమ్మా" అంది.

ఆ మందుతో పిల్ల తేరుకుంది. మేమంతా మందు కోసం తిరిగాం. పసిది మాత్రం ఆ ఒక్క మాట కోసం తిరిగినట్టుంది.