బావ పక్కన మూడు చుక్కలు

మొన్న మంగళవారం ఉదయం మా చెల్లెలి మనవరాలు వచ్చినప్పుడు, ఇంట్లో వైఫై మాటిమాటికీ ఆగిపోతోందని చెప్పుకున్నాను. ఆ పిల్ల ఫోనులో ఏదో తెరిచి హాలు నాలుగు మూలలా తిరిగింది. సంస్థల వాళ్ళు పిలిస్తే వెళ్ళి, వాళ్ళ నెట్‌వర్కులో కన్నం ఎక్కడుందో దొంగల కంటే ముందు కనిపెట్టి చెప్పడం తన ఉద్యోగం. మా వీధి గాలిలో తిరుగుతున్న వైఫైలన్నీ ఆ తెర మీద పేర్లతో సహా వరుసకట్టాయి. వాటిలో ఒక పేరు పొడుగెక్కువై సగంలో తెగిపోయి, పక్కన మూడు చుక్కలతో కనిపించింది. పిల్ల దాని మీద వేలు పెట్టగానే పేరంతా విచ్చుకుంది. తనకది ఏమీ కాదు. నేను మాత్రం లేచి లోపలికి వెళ్ళి, డైరీలు పెట్టుకున్న బీరువా ముందు చాలాసేపు నిలబడ్డాను.

శ్రీకాకుళానికి కొంచెం అవతల ఒక ఇంజనీరింగు కళాశాలలో టైపు మిషనుతో మొదలుపెట్టి, కంప్యూటరు గది బాధ్యుడిగా పదవీ విరమణ చేసినవాణ్ణి నేను. ఆ చివరి సంవత్సరాల్లోనే పరీక్ష పేపర్లు కాగితం కట్టలుగా రావడం మాని, పరీక్షకు కొద్దిసేపటి ముందు కంప్యూటరులోకి దిగడం మొదలైంది. ఒకసారి పేపరొకటి ముందే బయటికి పొక్కిందని పుకారు పుట్టింది. నిజమో కాదో ఎవరూ తేల్చలేదు గాని, భద్రత పరీక్షించడానికి బయటి నుంచి మనుషులు వస్తారనీ, ఈలోగా ఆవరణలో తాళం లేని వైఫై ఏదైనా ఉంటే కనిపెట్టి నివేదిక ఇవ్వమనీ ప్రిన్సిపాలుగారు నన్ను ఆదేశించారు. దానికోసం ఒక చిన్న లాప్‌టాప్, దానికి తగిలించే వేలెడంత ఏంటెన్నా, గాలిలో ఉన్న వైఫైల జాబితా చూపించే ప్రోగ్రామూ నా చేతికి వచ్చాయి.

నా వయసు వాళ్ళకు ఇది కొత్తగా ఉంటుంది కాబట్టి విడమరిచి చెబుతాను. ప్రతి వైఫై డబ్బా తన పేరును గాలిలో చాటుకుంటూనే ఉంటుంది. ఈ ప్రోగ్రాము ఆ పేరునీ, తాళం ఉందో లేదో అన్న సంగతినీ, సిగ్నలు బలాన్నీ వేర్వేరు గడులలో చూపిస్తుంది. బలం అంకెకు ముందు మైనస్ గుర్తుంటుంది. దూరంగా ఉంటే ఎనభై చూపిస్తుంది, దగ్గరికి వెళ్తున్న కొద్దీ డెబ్భై, అరవై, నలభై అని తగ్గుతుంది. పిల్లలు ఆడుకునే దాగుడుమూతల లాంటిదే. గడులన్నీ ఒకేసారి కనిపించాలని, ఆ చిన్న తెర మీద ఒక్కొక్క గడినీ నేనే ఇరుకు చేసుకున్నాను. ఏదైనా ఒక్క పేజీలో ఇమడాలన్నది నా జీవితకాలపు అలవాటు, డైరీలోనైనా సరే.

ఎండలో తెర కనిపించదు కనుక గొడుగు పట్టడానికి ఒక మనిషి కావలసి వచ్చాడు. మా కళాశాలలో కాంట్రాక్టు మీద ఎలక్ట్రీషియనుగా పనిచేసే ఒకాయన ఉండేవాడు. కోటబొమ్మాళి వైపు రైతుబిడ్డ. తనకు ఎవరు కనిపించినా బావే, ప్రొఫెసరైనా, స్వీపరైనా. దాంతో అందరూ ఆయన్నీ బావ అనే పిలిచేవారు, అసలు పేరు హాజరు పట్టీలో తప్ప మరెక్కడా వినిపించేది కాదు. రోజూ రాసుకునే అలవాటు చూసి నన్ను డైరీ బావ అనేవాడు. మూడు రోజులు నా తల మీద గొడుగు పట్టుకుని, తాను ఎండలో నడిచాడు.

"ఏటి డైరీ బావా, ఏటి పడతన్నాది వలలో? సేపలా, గవ్వలా?" అని అడిగేవాడు. అంకెలు చూపించి చెబితే, "కనబడనిదాన్ని కొలిసీస్తన్నావంటే మా ఊరి సోదమ్మ నీ కాడ పాఠాలు నేర్సుకోవాల!" అని గట్టిగా నవ్వేవాడు. ఆ నవ్వుకి తరగతి గదుల కిటికీల్లోంచి పిల్లలు తొంగిచూసేవారు.

మూడో రోజున పరీక్షల విభాగం ఉన్న భవనంలో తాళం లేని వైఫై ఒకటి దొరికింది. వరండాలో నడుస్తుంటే అరవై, యాభై, చివరికి ఎలక్ట్రికల్ గది తలుపు ముందు నలభై రెండు. అది ఆయన గదే. తాళాలు ఆయన దగ్గరే ఉండేవి. పేరు గడిలో ఇంగ్లీషు పెద్దక్షరాలలో బావ అని నాలుగక్షరాలు కనిపించాయి. నేను చటుక్కున తెర మూసేశాను. పక్కన గొడుగు పట్టుకుని నిలబడ్డ మనిషితో, ఇవాళ్టికి చాలు పద అన్నాను.

ఆ నలభై రెండు ముట్టిన చోటికి సరిగ్గా పైన, మొదటి అంతస్తులో, పరీక్షల విభాగం పెద్దాయన గది ఉంది. సిగ్నలుకు గోడలూ లేవు, పైకప్పులూ లేవు. పద్ధతి ప్రకారమైతే పైకి వెళ్ళి కూడా కొలవాలి. పెద్దాయన గదిలో ఉన్నారు. ఆయన ముందు లాప్‌టాప్ పట్టుకుని, మీ గది తనిఖీ చేస్తానండీ అనడానికి నాకు నోరు రాలేదు. జీవితంలో ఒక్క గడి ఖాళీ వదలని మనిషిని, ఆ ఒక్క గడీ వదిలేశాను.

నివేదికలో ఆ పేరూ, ఎలక్ట్రికల్ గదీ రాశాను. ఎవరినీ నిందించలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కాని ఆ రెండూ పక్కపక్కన రాశాక నింద వేరే రాయాల్సిన పనేముంది? ప్రిన్సిపాలుగారి గదిలో బావని నిలబెట్టి అడిగినప్పుడు నేనూ అక్కడే కూర్చున్నాను. ఆయనకు మొదట విషయమే అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వబోయి, ఎవరూ నవ్వకపోవడం చూసి ఆగిపోయాడు.

"నాకు సంతకమే తెలుగులో వస్తాది సార్. నా పేరు ఇంగ్లీసులో నేనే రాయలేను, గాలిలో ఎవుడు రాసీసినాడు?" అన్నాడు. తరువాత నా వైపు తిరిగి, "డైరీ బావా, మూడ్రోజులు నీ ఎనకాలే ఉన్నాను గదా. నువ్వొక్క మాట సెప్పు" అన్నాడు.

యంత్రం చూపించిందే రాశాను అన్నాను. నేను చెప్పిన ఒక్క మాట అదే.

ఆయన గదిలో డబ్బా ఏదీ దొరకలేదు, ముందే దాచేసి ఉంటాడన్నారు. ఆ వారంలోనే ఆయన్ని పనిలోంచి తీసేశారు. పేపర్లు దొంగిలించాడన్న మాట బస్సు వెంట కోటబొమ్మాళి దాకా వెళ్ళిందని విన్నాను. నెల తిరిగాక, బయటి వాళ్ళు వచ్చే ముందు మరొకసారి చూద్దామని ఆ వరండాలో నిలబడి లాప్‌టాప్ తెరిస్తే, మనిషి లేడు గాని వైఫై అక్కడే ఉంది. అదే పేరు, అదే నలభై రెండు. ఏదో నొక్కబోయి వేలు జారితే ఇరుకు గడి పక్కకు జరిగి వెడల్పైంది. పేరు పూర్తిగా బయటపడింది. అది బావ కాదు, బావనపాడు.

భావనపాడు మా పెద్దాయన స్వగ్రామం. మా వైపు నోటికి ఒత్తు తిరగదు, అందరం బావనపాడనే అంటాం. ఆయనా నోట పలికినట్టే, ఇంగ్లీషు హెచ్ లేకుండా డబ్బాకు పేరు పెట్టుకున్నారు. ఆ ఊరి సముద్రం గురించి ఆయన చెప్పగా వినని వాడు మా ఆఫీసులో లేడు. సెలవులకు వెళ్ళొచ్చినప్పుడల్లా అక్కడి ఎండు చేపలు తెచ్చి పంచేవారు, మా ఇంట్లోనూ తిన్నాం. అయినా ఆ నాలుగక్షరాలు చూసినప్పుడు నాకు తట్టింది గొడుగు పట్టిన మనిషే.

ఈసారి పైకి వెళ్ళాను. పెద్దాయన ఏమీ దాచలేదు. గదిలో నెట్టు సరిగ్గా రావడం లేదని డబ్బా తెచ్చి పెట్టుకున్నారట, తాళం సంగతి ఆయనకు తెలియదట. "అయ్యో, దానికింత రాద్ధాంతం జరిగిందేటి!" అని నిజంగానే నొచ్చుకుని, డబ్బా తీయించేశారు. ఆ తరువాత నెమ్మదిగా, "నివేదిక ఎలాగూ ఎల్లిపోయింది గదా మాస్టారూ. మళ్ళీ కెలికితే మీ తప్పూ కనబడతాది, నాదీ కనబడతాది" అన్నారు. నేను కిందికి దిగివచ్చి, సమస్య పరిష్కారమైందని ఒక పంక్తి రాసి ఫైలు మూసేశాను.

కొన్నేళ్ళ తరువాత ఒక పెళ్ళికి వెళ్ళి వస్తూ కోటబొమ్మాళి స్టేషనులో రైలు కోసం కూర్చున్నాను. మోటారు చుట్టే రాగి తీగ చుట్ట భుజాన వేసుకుని బావ ఎదురుపడ్డాడు. జుట్టు నెరిసింది. తల తిప్పుకుంటాడేమో అనుకున్నాను, తిప్పుకుంటే బాగుండునని కూడా అనుకున్నాను. దగ్గరికి వచ్చి పక్కన కూర్చుని, నాకు టీ ఇప్పించి, నా మోకాలి మీద చెయ్యి వేసి అడిగాడు.

"డైరీ బావా, దొరికినాడా ఆడు? నా పేరెట్టుకున్నోడు?"

ఇంకా లేదు అన్నాను.

"దొరుకుతాడ్లే. నీలాటోడు ఎతుకుతుంటే ఎక్కడికి పోతాడు!" అన్నాడు.

ఆనాటి డైరీలో రైలు ఎంత ఆలస్యమైందో ఉంది, పెళ్ళిలో ఏయే వంటకాలు వడ్డించారో ఉంది. ఆయన అడిగిన ప్రశ్న లేదు.

మంగళవారం నాడు బీరువా ముందు నిలబడి వెతికింది ఆ మూడో రోజు పేజీ కోసం. ఇన్నాళ్ళూ చుక్కలు నా కంటబడలేదనీ, అది ఇరుకు తెర చేసిన మోసమనీ నమ్ముతూ వచ్చాను. పేజీ దొరికింది. సాయంత్రం ఇంటికి వచ్చి నా చేత్తో రాసుకున్న నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, వాటి పక్కన పొందిగ్గా మూడు చుక్కలు. వాటి కింద, "పై గదిలో అయ్యగారు ఉన్నారు, వెళ్ళలేదు" అని ఒక పంక్తి. డైరీలో అన్నీ ఉన్నాయి. మర్నాడు నివేదికకు ఎత్తి రాసేటప్పుడు చుక్కలనూ, ఆ పంక్తినీ వదిలేసింది నేనే.

ఇప్పటి ఫోన్లలో వేలు పెడితే చాలు, ఎంత పొడుగు పేరైనా విచ్చుకుంటుంది. మా మనవరాలు ఏ గదినైనా ఎవరి మొహం చూడకుండా కొలుస్తుంది, కొలవనిస్తేనే నివేదిక మీద సంతకం పెడతానంటుంది. ఆ తెర మీద మా వీధి వైఫైలు ముప్పై దాకా ఉన్నాయి, అన్నిటికీ తాళాలున్నాయి. ఆ ఇళ్ళ వాళ్ళందరికీ నేను అంకుల్‌ని. బావా అని పిలిచే నోరు ఈ వీధిలో ఒక్కటీ లేదు. అలా పిలిచే మనిషి గంట ప్రయాణం దూరంలోనే ఉన్నాడు, నేను వెతుకుతున్నానని నమ్ముకుని.

ఆ నివేదిక నకలు కూడా బీరువాలోనే ఉంది. దాన్ని తీసి, ఆ నాలుగక్షరాల పక్కన మూడు చుక్కలు పెట్టాను. సిరా రంగు కలవలేదు. చేతికి తీసుకున్న ఎవరికైనా, అవి ఆలస్యంగా పెట్టినవని ఇట్టే తెలిసిపోతుంది. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, రేపటి ప్యాసింజరు ఎన్ని గంటలకో చూడమని మనవరాలిని అడిగాను.