ముందు బ్రేకు

పట్టుపురుగులు పెంచే రైతుల షెడ్లు తిరిగి చూసే ఉద్యోగం నాకు వచ్చినప్పుడు నా వయసు ఇరవై ఆరు. పురుగులకు రోగాలు తగలకుండా ఏం చెయ్యాలో చెప్పడం నా పని. మా ఇల్లు హిందూపురంలో. షెడ్లేమో పెనుకొండ చుట్టుపక్కలా, ధర్మవరం దాటి బత్తలపల్లి వైపూ, మట్టి దారుల చివర మల్బరీ తోటల మధ్య ఉంటాయి. మొదటి రెండు నెలలు బస్సు దిగి నడిచాను. తర్వాత ఒక పాత మోటారుసైకిలు కొన్నాను. ఆ గుంతల దారుల్లో స్కూటీ చిన్న చక్రాలు నిలవవని షెడ్ల దగ్గర అందరూ చెప్పారు. ఆడపిల్లకు గేర్ల బండి ఏమిటని అమ్మ మూడు రోజులు ముఖం ముడుచుకుంది.

మా నాయన ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరయ్యాడు. ఒక్క యాక్సిడెంటు లేదు. మోటారుసైకిలు మాత్రం ఎన్నడూ నడపలేదు. అయినా మా ఇంట్లో చక్రాలున్న దేని గురించైనా ఆయన మాటే చెల్లుతుంది.

క్లచ్చీ, గేర్లూ మా ఆఫీసులో పనిచేసే ఒకాయన నాలుగు రోజుల్లో నేర్పించాడు. బండి కదిలితే చాలు, నేర్చుకున్నట్టే అనుకున్నాం. ఆపడం కూడా నేర్చుకోవాల్సిన పనేనని ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు.

రెండో వారంలోనే పడ్డాను. సోమందేపల్లి దాటాక మెయిన్ రోడ్డు వదిలి ఎడమకు తిరగాలి. ఆ మలుపులో ఎవరో ఇల్లు కడుతూ పోసుకున్న ఇసుక సగం రోడ్డు మీదికి జారి ఉంది. బండి వంచి తిప్పుతుండగా కుక్క అడ్డం వచ్చింది. కుడిచేతి నాలుగు వేళ్ళతో ముందు బ్రేకు ఒక్కసారిగా పట్టేశాను. హ్యాండిల్‌ను ఎవరో నా చేతుల్లోంచి గుంజుకున్నట్టయింది. కళ్ళు తెరిచేసరికి హెల్మెట్ అద్దానికి అవతల ఇసుక తప్ప ఏమీ కనబడలేదు. ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంది. మేస్త్రీలు పరిగెత్తుకొచ్చి బండి కింద ఇరుక్కున్న నా కాలు తీశారు. మోచెయ్యి, మోకాలు తోలు లేచిపోయాయి.

ఇంటికొచ్చాక నాయన గాయాలకంటే ముందు బండిని చూశాడు. ఏ బ్రేకు పట్టావని అడిగాడు. చెప్పాను.

“ముందర బ్రేకు జోలికే పోవద్దు. అది పడితే బండి తలకిందులు చేస్తాది. కాలి బ్రేకు ఒక్కటే పెట్టుకో” అన్నాడు.

ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, ఆ రోజునుంచి కుడిచేతి వేళ్ళు బ్రేకు మీదికి పోకుండా పిడికిలి బిగించి పట్టుకునేదాన్ని. సాయంత్రానికి వేళ్ళు కొంకర్లు పోయేవి.

కాలి బ్రేకుతో కూడా పడ్డాను. పెనుకొండ దాటాక ఒక ఊరి ముందు, వచ్చే పోయే బండ్లు తొక్కితే గింజ రాలుతుందని ఉలవ కట్టె రోడ్డంతా పరిచి ఉన్నారు. ఎదురుగా లారీ వస్తుంటే భయపడి కాలు గట్టిగా తొక్కాను. వెనక చక్రం తిరగడం మానేసి పక్కకు జారింది. కట్టె మీదే పడ్డాను కాబట్టి దెబ్బ తగల్లేదు. లారీ డ్రైవరు ముందే ఆపుకున్నాడు. కట్టె తిరగేస్తున్న ఆడవాళ్ళు నన్ను లేపి, ఒంటికి అంటుకున్న పొట్టు దులిపి పంపించారు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. అక్కణ్ణుంచి రోడ్డు మీద ఏది కదిలినా, అది నా మీదికే వస్తున్నట్టుండేది.

మూడోసారి నాకేమీ కాలేదు.

బత్తలపల్లి అవతల ఒక షెడ్డులో పురుగులు చనిపోతున్నాయని ఫోను వస్తే పొద్దున్నే బయలుదేరాను. రోడ్డు బాగుంది, ఖాళీగా ఉంది. యాభై మీద పోతున్నాను. ముందు ఒక చిన్న ఎత్తు. అది ఎక్కి దిగేసరికి రోడ్డంతా గొర్రెలు. వాటి వెనక ఒక ముసలామె, నాకు వీపు తిప్పి, కట్టెతో వాటిని పక్కకు తోలుతోంది. కాలి బ్రేకు మీద ఒళ్ళంతా మోపి తొక్కాను. టైరు అరిచింది. బండి వేగం తగ్గుతోంది గానీ ఆగడం లేదు. కుడిచేతి కింద ఇంకో బ్రేకు ఉందని నాకు తెలుసు. దాన్ని పట్టలేదు. ఆ క్షణం నాకు స్పష్టంగా గుర్తుంది. వేళ్ళు లేచాయి, మళ్ళీ ముడుచుకున్నాయి.

ఆమె చివర్లో పక్కకు తిరిగింది. హ్యాండిల్ కొస ఆమె భుజానికి తగిలింది. ఆమె చెయ్యి ముందుకు చాపి రోడ్డు మీద పడింది. నా బండి ఇంకా రెండు బారలు పోయి ఆగింది.

నేను పరిగెత్తి వెళ్ళేసరికి ఆమె లేచి కూర్చుంది. ఎడమ మణికట్టు వంకర తిరిగి ఉంది. ఏడవలేదు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూసింది.

“నీ బండికి బ్రేకు లేదా పాపా?”

“ఉండాదవ్వా.”

“ఉంటే ఎందుకు పట్టల్యా?”

దారిన పోయే ఆటో ఆపి ఆమెను ధర్మవరం ఆసుపత్రికి తీసుకుపోయాను. ఆమె కొడుకు గొర్రెల్ని ఎవరికో అప్పగించి వచ్చేదాకా పక్కనే కూర్చున్నాను. అతను నన్ను తిట్టలేదు. నా వైపు చూడను కూడా లేదు. మణికట్టు ఎముక విరిగిందన్నారు. కట్టు కట్టేటప్పుడు మాత్రం ఆమె నా చెయ్యే పట్టుకుంది, దగ్గర్లో ఉన్నది అదే కాబట్టి.

హ్యాండిల్ వంగిన బండిని ధర్మవరంలో ఒక మెకానిక్ దగ్గర వదిలి, ఇంట్లో జరిగిందంతా చెప్పి, మూడు వారాలు మళ్ళీ బస్సుల్లో తిరిగాను. అమ్మెయ్యాలనుకున్నాను. ఆ మాట చెప్పడానికే వెళ్తే, ఆ మెకానిక్ రెండు చక్రాలూ విప్పి పెట్టుకుని ఉన్నాడు. నాయన వయసు ఉంటుంది ఆయనకు. వెనక బ్రేకు షూలు నా చేతిలో పెట్టాడు. అరిగి రేకు బయటపడింది. ముందు బ్రేకు ప్యాడ్లు కొత్తవిలాగే ఉన్నాయి.

“ముందర బ్రేకు పట్టవు కదమ్మా నువ్వు” అన్నాడు.

నాయన చెప్పిన మాట చెప్పాను. ఇసుకలో పడిన సంగతీ చెప్పాను. ఆయన చేతులు తుడుచుకుంటూ అంతా విన్నాడు.

“మీ నాయన బస్సు డ్రైవరు అంటాండావు. బస్సుకు బ్రేకు వేస్తే నిలబడినోళ్ళు యా పక్కకు పడతారో ఆయన్ను అడుగు” అన్నాడు. తర్వాత తనే వివరించాడు. బ్రేకు పడగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనకది తేలికైపోతుంది, తేలికైన చక్రం ఆపలేదు, జారుతుంది. నేను ఇసుకలో పడింది ముందు బ్రేకు పట్టినందుకు కాదట. బండి వంచి ఉండగా, ఇసుక మీద, ఒక్కసారిగా గుంజినందుకట. బండి నిటారుగా ఉండాలి. రెండు బ్రేకులూ కలిపి పట్టాలి. ముందుది రెండు వేళ్ళతో మెల్లగా మొదలుపెట్టి, తడిగుడ్డ పిండినట్టు బిగిస్తూ పోవాలి. ఇసుక, తడి, మలుపు ఉంటే ముందే నెమ్మదించుకోవాలి.

ఆ సాయంత్రం బాగైన బండితో ఇంటికొచ్చి నాయనను అదే ప్రశ్న అడిగాను. ఆయన అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ, పొద్దున ఆరింటికి బండి తీసుకురమ్మన్నాడు.

ఊరి బయట ప్లాట్లు వేసిన ఒక వెంచర్ ఉంది. ఇళ్ళు ఇంకా రాలేదు గానీ తారు రోడ్లు వేసి ఉన్నారు. నాయన ఇంటినుంచి సున్నం తెచ్చి రోడ్డుకు అడ్డంగా గీత గీశాడు. నలభైలో వచ్చి, గీత దగ్గర కాలి బ్రేకు ఒక్కటే వెయ్యమన్నాడు. వేశాను. గీత నుంచి నా దాకా అంగలు వేసుకుంటూ వచ్చాడు. ఇరవై మూడు.

ఈసారి రెండూ పట్టమన్నాడు. గీత దగ్గరికి వచ్చాను. వేళ్ళు లేవలేదు. మళ్ళీ ఇరవై మూడు. ఇంకోసారి వచ్చాను, ఏమీ పట్టకుండా గీత దాటిపోయాను. నాయన కోప్పడలేదు. నడిచేంత వేగంతో రమ్మన్నాడు. ముందు బ్రేకు రెండు వేళ్ళతో ముట్టుకుంటే చాలన్నాడు. ముట్టుకున్నాను. బండి తల వంచినట్టు ముందుకు దిగి, ఆగింది. ఏమీ కాలేదు. పది సార్లు చేశాను. ఇరవైలో చేశాను, ముప్పైలో చేశాను. ఒకసారి గట్టిగా గుంజితే చక్రం కీచుమంది. వదిలి మళ్ళీ పట్టాను. ఎండెక్కేసరికి నలభైలో వచ్చి రెండూ పట్టి ఆగాను. నాయన అంగలు లెక్కపెట్టుకుంటూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. పన్నెండు.

ఆయన వెనక్కి తిరిగి గీత వైపు చూశాడు.

“నా మాట ఇనకుండా ఉంటే ఆ ముసలామె చెయ్యి ఇరిగేది కాదు” అన్నాడు.

కాదని చెప్పబోయాను. వేళ్ళు ముడుచుకున్నది నేనే కదా అనాలనుకున్నాను. ఆయన వినే స్థితిలో లేడు. ఆమెను చూడాలి, తీసుకుపో అన్నాడు.

నెల తర్వాత ఆయన ధర్మవరం దాకా బస్సులో వచ్చి, అక్కడ నా బండి వెనక ఎక్కాడు. బత్తలపల్లి ఇంకా కొంత దూరం ఉందనగా, ముందు పోతున్న ఆటోలో కూలీలు కిక్కిరిసి ఉన్నారు. ఎవరో చెయ్యి చూపినట్టున్నారు, ఆటో ఉన్నచోటే ఆగిపోయింది. పక్కకు తప్పుకుందామంటే ఎదురుగా బస్సు. వెనక అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్న ఒకామె నన్ను చూసి కాళ్ళు పైకి ముడుచుకుంది. వేళ్ళు వాటంతట అవే వెళ్ళాయి. పిండినట్టు బిగించాను, కాలూ తొక్కాను. నాయన బరువంతా నా వీపు మీద పడింది, ఆయన చెయ్యి నా భుజాన్ని పట్టేసింది. బండి వంకర పోలేదు. ఆటోకు మూరెడు దూరంలో ఆగింది. నేను ఆటో వెనక మరీ దగ్గరగా వచ్చానని అప్పుడు తెలిసింది. ఆమె ఏదో అంది, బస్సు చప్పుడులో వినబడలేదు. ఆటో కదిలిపోయాక రోడ్డు పక్కకు తీసి కాసేపు నిలబడ్డాం. దూరం పెట్టుకో అని ఒక్క మాట అన్నాడు నాయన.

ముసలామె ఇంటి ముందు నులక మంచం మీద కూర్చుని ఉంది. కట్టు విప్పేశారు. చెయ్యి పూర్తిగా తిరగడం లేదు, చెంబు ఎత్తితే నొప్పి అంది. నాయన చేతులు కట్టుకుని నిలబడి, బిడ్డకు తప్పు నేర్పింది తానేనని చెప్పాడు. నడిపేది ఈ పాప కదా, నీదేముంది అంది ఆమె. కూర్చోమని మంచం చూపించింది. మజ్జిగ కోడలు తెచ్చింది.

ఇప్పుడు ఆ వైపు పని పడినప్పుడల్లా ఆమె దగ్గర ఆగుతాను. ఆమె నాతో పెద్దగా మాట్లాడదు. గొర్రెల్ని కొడుకే తోలుకుపోతున్నాడు. ఆమెకు తగిలించిన ఆ ఎత్తు దగ్గరికి వచ్చేసరికి, అవతల ఏమీ లేదని తెలిసిన రోజు కూడా, ఇరవైకి దిగిపోతాను. వెనకవాళ్ళు హారన్ కొడతారు. కొట్టనిస్తాను.