సగం చిరునామా

అంబులెన్సులు పంపే ఆ ఆఫీసులో డ్రైవర్లందరూ ఆమెను కంప్యూటరమ్మ అనేవారు. ముందు గదిలో ఆమె వదిన ఫోన్లు ఎత్తేది. వెనక గదిలో, ఏసీ చలికి శాలువా కప్పుకుని, ఆమె ప్రోగ్రాములు చూసుకునేది. ఇంట్లో ఇద్దరికీ అంతగా పొసగదు గానీ, ఆఫీసులో ఒకరి మాట ఒకరు కాదనేవారు కాదు.

ప్రోగ్రాములు రెండు. వదిన టైపు చేసిన చిరునామాను ఒకటి తీసుకునేది. రెండోది దాన్ని దగ్గర్లోని బండికి చేరవేసి, బండ్లు ఎక్కడున్నాయో మొదటిదానికి చెబుతుండేది. మొదటిది కబురు పంపితే, రెండోది అందిందని బదులిచ్చాకే పని ముందుకు సాగేది. ఫోన్లు ఎక్కువైనప్పుడు ఆ కబుర్లు బారులు తీరేవి.

"నేను టైపు కొట్టేసినా ఈ తెర గుడ్లప్పగించి చూస్తూనే ఉంటుంది. అవతల మనిషి ప్రాణం పోయేలా ఉంటుంది. ఏదో ఒకటి చెయ్యవే," అంది వదిన ఒకరోజు.

ఆమె చేసింది. కబుర్లు పంపడం మాన్పించి, రెండు ప్రోగ్రాములకూ మెమరీలో ఒక ఉమ్మడి చోటు ఇచ్చింది. ఒకటి అక్కడ రాస్తుంది, రెండోది అక్కడే చదువుకుంటుంది. రాస్తున్నంతసేపు చదవకుండా తాళం వెయ్యాలి. వేస్తే మళ్లీ ఆలస్యం. రాయడానికి రెప్పపాటు కూడా పట్టదు కదా అని తాళం మానేసింది. బండ్లు చకచకా కదలడం చూసి వదిన మురిసిపోయింది.

ఒక వానరోజు మధ్యాహ్నం, ఫోన్లు ఊపిరి సలపనివ్వని వేళ, ఒక డ్రైవర్ వదినకు ఫోన్ చేశాడు.

"అమ్మా, మీరు పంపిన ఇంటికే వచ్చాను. ఇక్కడెవరికీ గుండెనొప్పి లేదు. ఒకాయన నిచ్చెనెక్కి బల్బు మారుస్తున్నాడు. నన్ను చూసి ఆయనకే వచ్చేలా ఉంది!"

వీధి సరైనదే. ఇంటి నంబరు మాత్రం అంతకుముందు వచ్చిన ఫోన్‌ది. మొదటి ప్రోగ్రాము కొత్త వీధి పేరు రాసి, నంబరు ఇంకా మార్చకముందే రెండో ప్రోగ్రాము చదివేసుకుంది. వదిన అసలు నంబరు నోటితో చెప్పి, డ్రైవర్‌ను ఆ వీధి చివరకు పరిగెత్తించింది. అక్కడ ఒక బస్సు కండక్టరు గుమ్మంలో కూలబడి ఉన్నాడు. ఆసుపత్రికి చేరాడు, బతికాడు.

ఆమె మేనేజరు దగ్గరకు వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పింది.

"తాళం మానేసింది నేనే సార్. చిరునామాలు మళ్లీ పాత పద్ధతిలోనే పంపిస్తాను."

"మళ్లీ నత్తనడకేనా?"

"చిరునామాలకు మాత్రమే సార్. బండి ఎక్కడుందో చెప్పే వివరం క్షణక్షణం మారుతుంటుంది. ఒకసారి తప్పు చదివినా మరుక్షణం సర్దుకుంటుంది. అది ఉమ్మడి చోటులోనే ఉండనివ్వండి."

ఆయన సరేనన్నాడు, దాంతోపాటు ఒక మెమో కూడా ఇచ్చాడు. ఆమె దాన్ని సొరుగులో పడేసి పనిలో కూర్చుంది.

ఇంటికొచ్చాక వదినే మాట కదిపింది. "నేను తొందరపెట్టబట్టేనా ఇదంతా?"

"నువ్వు అడగడంలో తప్పేముంది వదినా. ఫోన్లు మీదపడితే ఏమవుతుందో నేను చూసుకోవాల్సింది."

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆమె అక్కడే పనిచేసింది. కొత్తగా చేరినవాళ్లు వేగం పెంచుదామంటే కాదనేది కాదు. ముందు వాళ్లను ఫోన్లు మోగే గదిలో ఒక పూట కూర్చోబెట్టేది.