దస్తగిరి మామను కట్టిన కంబం

ఎవరికీ చెప్పని మాటొకటి ఇన్నేండ్లుగా నా కడుపులో ఉంది. మా ఆయనకు చెప్పలేదు, ఆయన పోయాడు. పిల్లలకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు అక్కరలేదు. అందుకే నోరు పెగులుతోంది.

మాది కర్నూలు పక్క చెరువు కింద పల్లె. స్వరాజ్యం వచ్చి ఏడెనిమిదేండ్లయినా, మా చావడి ముందరి రాతికంబం పని దానిదే. తప్పు చేసినవాణ్ణి పొద్దువాలేదాకా దానికి కట్టేవాళ్లు. తక్కిన రోజుల్లో మేకలు దానికి వీపు గోక్కునేవి. మేం ఆడవాళ్లం దాని నీడన కొర్రలు చెరుగుతూ ఒకరినొకరు ఎకసెక్కాలాడుకునేవాళ్లం. ఎంత బాగుండేవి ఆ సాయంత్రాలు! కొర్రల పొట్టు వాసన తగిలితే ఇప్పటికీ నాకు పదిహేడేండ్లే.

చెరువు నీళ్లకు వంతు ఉండేది. నీళ్లు పంచే నీరుగంటి చెబితేనే కాలువకు మడవ తెంచి మడికి నీళ్లు పెట్టుకోవాలి. వంతు తప్పితే కంబమే. ఆడది తప్పు చేస్తే ఆమె మొగుణ్ణి కట్టేవాళ్లు.

ఆ ఏడు వానల్లేవు. మా వరిమడి నెర్రెలిచ్చింది. వంతుకు ఇంకా నాలుగు రోజులుంది. మిట్టమధ్యాహ్నం నీరుగంటి సంగటి తినడానికి పోయాడు. మా పైమడి దస్తగిరి మామది, ఊరి వరసకే మామ. నీళ్లు ఆయన మడి నిండాకే మాకొచ్చేవి. ఆయన పార గట్టు మీదే ఉంది. పిడికి రేకు చుట్టిన ఆ పార ఊరంతా ఎరిగిందే. దాంతోనే మడవ తెంచాను. రెండు మడులూ తడిసేదాకా తుమ్మచెట్టు చాటున కూర్చున్నాను. ఎవరో దగ్గినట్టయితే పార అక్కడే పడేసి పరుగెత్తాను.

మరునాడు పొద్దున్నే మామను కంబానికి కట్టారు. పార నాదేనన్నాడు, అంతకుమించి ఒక్క మాట లేదు. ఊరి తగవులు తీర్చే మనిషి ఆయన. ఆయన తలపాగా తీయించారు. నేను గుంపులో తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. నోరు తెరిస్తే మా ఆయన్ను కడతారని భయపడ్డాను. అంతేనా? నిజంగా అంతేనా? మడి తడిసిందన్న సంతోషం కూడా లోపల ఉండింది. ఛీ, ఏం మనిషిని నేను!

రెండు రోజులకు చెప్పేద్దామనే ఆయనింటికి పోయాను. మణికట్లకు ఆముదం రాసుకుంటున్నాడు.

"ఏమ్మా, నీ మడి తడిసెనా?" అన్నాడు.

"తడిసె మామా."

"శానా మంచిది. మీ ఆయప్పకు చెప్పాకు. రోషమున్నోడు, ఓర్చుకోల్యాడు."

అంటే చూశాడు. తెలిసే నిలబడ్డాడు. నేను తలవంచుకుని ఇంటికొచ్చాను. ఆ ఏడు మా మడి పండింది, కడుపునిండా తిన్నాం. మామ మాత్రం మళ్లీ చావడి గడప తొక్కలేదు. తగవులు తీర్చమని ఆయన్ను ఎవరూ అడగలేదు.

మొన్న ఆయన మునిమనవణ్ణి ఎవరో "ఏమప్పా నీళ్లదొంగోళ్ల పిల్లోడా, యాడికి పోతాండావు?" అన్నారు. వాడు నవ్వాడు. ఆ పేరెందుకొచ్చిందో వాడికి తెలియదు. నేను అరుగు మీదే ఉన్నాను, ఆ రోజులాగే ఊరకున్నాను.

ఆ పేరు వాళ్లది కాదు. మా ఇంటిది. నాది. ఇదిగో, అనేశాను.