బలం సూది

పెళ్లయి ఐదేళ్లయినా నా కడుపు పండలేదు. తెలంగాణ రావడానికి చాలా ముందు మాట. మేం గోదావరిఖనిలో ఉండేవాళ్లం. పరీక్షలన్నీ నాకే చేయించారు. నాలో లోపమేమీ లేదని డాక్టరమ్మ చెప్పినా మా అత్త చెవికెక్కలేదు. నేను ఆమెకు గొడ్రాలినే.

మా ఆయన భూమి లోపల బొగ్గు నింపే కార్మికుడు. ఆ రోజుల్లో షిఫ్టు దిగి వచ్చి కంచం ముందే కూలబడేవాడు. మీసం కూడా పల్చబడింది. కంపెనీ దవాఖానకు పొమ్మంటే ససేమిరా అన్నాడు. "అక్కడ అన్‌ఫిట్ అని రాసి, గని కిందికెల్లి తీసి భూమి మీది పనికి పంపుతరు. ఇజ్జత్ పోతది" అన్నాడు. చివరికి షిఫ్టు దోస్తు ఒకాయన బజారులోని ఆర్‌ఎంపీ దగ్గరకు తీసుకుపోయాడు. రక్తపరీక్ష లేదు, పాడు లేదు. "మగోళ్ల హార్మోన్ తక్కువైంది. ఈ సూది పడితె బలమొస్తది, పిల్లలూ అయితరు" అన్నాడట ఆ మహానుభావుడు. మా దగ్గర గోలీకి విలువ లేదు, సూది పడితేనే వైద్యం.

నిజం చెప్పాలి, బలం వచ్చింది. మూడు వారాలకోసారి నూనెలాంటి ఆ మందు తుంటికి పొడిపించుకొని వచ్చేవాడు. ఆకలి, హుషారు, కోపం, సరసం అన్నీ తిరిగొచ్చాయి. నాకూ సంతోషమే, దాచేదేముంది! నెల మాత్రం తప్పలేదు.

ఏడాది చూసి, పట్టుబట్టి కరీంనగర్‌లో పెద్ద డాక్టర్ దగ్గరకు లాక్కుపోయాను. ఆయన వీర్యపరీక్ష చేయించి, సూదుల సంగతి విని తల పట్టుకున్నాడు. "బయటినుంచి హార్మోన్ వస్తుంటే ఒళ్లు తన పని ఆపేస్తుందయ్యా. వీర్యకణాలే తయారు కావు. పిల్లల కోసం ఇది వేసుకోవడమేంది? ఇదే పిల్లల్ని ఆపుతోంది" అన్నాడు. మానేస్తే కొందరికి కొన్ని నెలలకు తిరిగొస్తాయట, కొందరికి రావట.

నాకు ఒళ్లు మండిపోయింది. బస్సులో ఆ ఆర్‌ఎంపీని నోటికొచ్చినట్టు తిట్టాను. బసంత్‌నగర్ దాటాక మా ఆయన "సూది బంద్ చేస్తె మళ్ల గదే సుస్తీ. డ్యూటీ ఎట్ల చెయ్యాలె?" అన్నాడు.

ఇంటికి చేరగానే అత్త గుమ్మంలోనే అందుకుంది. "ఏమన్నడు డాక్టరు? ఈ గొడ్డుదానికి ఇగ దిక్కు లేదన్నడా?"

ఆయన చెప్పులు కూడా విప్పలేదు. వాడంతా వినేలా అన్నాడు. "అవ్వా, దానికేం లేదు. లోపం నాదే. సూదులేసుకొని ఇంకింత ఖరాబు చేసుకున్న. ఇంకోసారి దాన్ని ఆ మాట అనకు."

నేను వంటింట్లోకి పోయి కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్చాను. సూది మానేశాడు. సుస్తీ తిరిగొచ్చింది. పిల్లలు కలగలేదు. గొడ్రాలన్న మాట మాత్రం ఆ ఇంట్లో మళ్లీ నేను వినలేదు.