స్టెల్లా తన డ్రోన్ విప్పిన రోజు

రేణిగుంటలో స్టెల్లా ఇంటి వసారాలో ఒక బల్ల, దాని మీద ఒక భూతద్దం, సన్న మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్. దుకాణమంటే అంతే, బోర్డు కూడా లేదు. అయినా తిరుపతి నుంచి చిత్తూరు దాకా పెండ్లి ఫోటోగ్రాఫర్లలో ఆ ఇల్లు తెలియనివాళ్ళు లేరు. డ్రోన్ కిందపడితే ముందు నెత్తిన చేయి పెట్టుకుంటారు, ఆ తర్వాత స్టెల్లాకు ఫోన్ చేస్తారు.

సెల్‌ఫోన్ల ఫ్యాక్టరీలో ఏడేళ్ళు పనిచేసి ఆరితేరిన చేయి ఆమెది. అక్కడ మానేసినప్పుడు వచ్చిన డబ్బుతో అరచేతిలో పట్టేంత విదేశీ కెమెరా డ్రోన్ ఒకటి కొనుక్కుంది. పెండ్లిండ్లకు తానే వెళ్ళి తీయాలని ఆశ. అంతలో కూతురు పుట్టింది. పిల్ల బడికి పోయే వయసు వచ్చాక మొదలుపెడదాంలే అని డ్రోన్‌ను పెట్టెలో పెట్టి బీరువా పైకెక్కించింది.

ఆ తర్వాత 2022లో ప్రభుత్వం బయటి దేశాల్లో చేసిన డ్రోన్ల దిగుమతి ఆపేసింది. ఉన్నవాళ్ళు ఎగరేసుకోవచ్చు, కొత్తవి తెప్పించుకోవడానికి లేదు. మన దేశంలో చేసినవి కొనుక్కోండని ప్రభుత్వం మాట. మాట మంచిదే. కానీ పొలాలకు మందు కొట్టేవి దొరికినంత సులువుగా, పెండ్లికూతురి ముక్కుపుడక కూడా కనబడేట్టు తీసేవి చిన్న ఫోటోగ్రాఫరుకు అందే ధరలో దొరకలేదు. విడిభాగాలకు అడ్డు లేదన్నారు గానీ, పాత మోడళ్ళకు అవీ రానురాను కరువయ్యాయి. దాంతో అందరికీ స్టెల్లానే దిక్కయింది.

బాగుచేసిన డ్రోన్‌ను ఆమె బయట ఎగరేయదు. విమానాశ్రయం కూతవేటు దూరంలో ఉంది, అక్కడ అనుమతి లేకుండా ఎగరేయకూడదు. పాస్టరుగారిని అడిగి, చర్చి హాల్లో కుర్చీలు పక్కకు లాగి, నడుమెత్తున లేపి చూసుకుంటుంది. ఎవరు చూస్తారులే అక్కా అని నవ్వేవాళ్ళ చేతే కుర్చీలు లాగిస్తుంది. అదీ ఆమె నిక్కచ్చితనం.

కూతురు బడిలో చేరడానికి ఇంకా నెల ఉందనగా, ఒక మధ్యాహ్నం పుత్తూరు ఫోటోగ్రాఫర్ హరినాథ్ చేతిసంచితో వచ్చాడు. సంచిలో అతని డ్రోన్, కెమెరా నుజ్జయి ఉంది.

"యాడ పడిందప్పా?"

"చంద్రగిరి కాడక్కా. గాలి కొట్టేసింది."

"ఫోను ఈడియ్యి."

డ్రోన్ ఎగిరిన దారంతా ఫోన్లో మ్యాపు మీద గీతలా ఉంటుంది. ఆ సంగతి హరినాథ్ మరిచిపోయాడు, స్టెల్లా మరిచిపోలేదు. గీత అలిపిరి దగ్గర మొదలై కొండ వైపే పోయింది. తిరుమల కొండ మీద డ్రోన్ ఎగరకూడదని పసిపిల్లలకు కూడా తెలుసు. అయినా పెండ్లివాళ్ళందరికీ జంట వెనకాల కొండే కావాలి.

"పోలీసోళ్ళకి చిక్కింటే? మళ్ళీ కొనేదానికి యాడుండాది నీకు?" స్టెల్లా ఫోనును బల్ల మీద కొట్టినట్టు పెట్టింది.

హరినాథ్ తలెత్తలేదు. "తప్పయిపోయిందక్కా. ఆదివారం నగరిలో పెండ్లి. డ్రోన్ లేదంటే రావద్దంటాండారు. ఈ సీజన్ పోతే ఇంక నేను కెమెరా అమ్ముకునేదే."

ఆ మోడల్ కెమెరా కోసం స్టెల్లా చెన్నై దాకా ఫోన్లు చేసింది. ఎక్కడా లేదు. ఒక్క చోట ఉంది, తన బీరువా మీద. అది తీసి ఇస్తే హరినాథ్ సీజన్ నిలబడుతుంది, తన డ్రోన్ గుడ్డిదవుతుంది. ఇంకొకటి కొనే దారి లేదు. పైగా నెల తిరిగి తానూ పెండ్లిండ్లు తీయబోతే ఈ హరినాథే ఆమెకు పోటీ.

నుజ్జయిన కెమెరాను భూతద్దం కింద మరోసారి తిప్పి చూసింది. చివరికి కుర్చీ వేసుకుని పెట్టె దించింది.

"బయటికి రా. కొండ దిక్కు తిరుగు. ఇంకెప్పుడూ ఆ పక్కకి పంపనని ఒట్టెయ్యి."

"చర్చికి పొయ్యేదానివి, నీకెందుకక్కా కొండ మీద ఒట్టు?"

"నాక్కాదప్పా, నీకు. నా దేవుని మీద ఏస్తే నువ్వు రేప్పొద్దునకే మరిసిపోతావు."

హరినాథ్ చెప్పులు విడిచి, దూరంగా నీలంగా కనబడే కొండకు చేతులు జోడించి ఒట్టేశాడు. స్టెల్లా లోపలికి వచ్చి, ఒక్కసారైనా ఆకాశం చూడని తన డ్రోన్‌ను విప్పింది. వెంట్రుకంత తీగలు ఒక్కటీ తెగకుండా కెమెరాను ఊడదీసి, అతని డ్రోన్‌కు బిగించేసరికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ పని మీంచి చూపు తిప్పలేదు. అతను వెళ్ళిపోయాక మాత్రం ఖాళీ పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది.

ఆదివారం సాయంత్రం హరినాథ్ వీడియో పంపాడు. కింద ఒక మాట రాశాడు: "మ్యాపు సూసుకునే లేపినానక్కా."

రైల్వే గూడ్స్ షెడ్డులో పని ముగించుకుని అప్పుడే ఇంటికొచ్చిన భర్త పాల్ కూడా ఫోన్లోకి తొంగిచూశాడు. పందిరి, అరటి చెట్లు, పట్టుచీరలు మెల్లగా కిందికి జారిపోతున్నాయి. ముసలివాళ్ళు, పిల్లలు, పెండ్లికొడుకుతో సహా జనమంతా తలలు పైకెత్తి చేతులూపుతున్నారు.

"ఎవురికి ఊపతాండారు వీళ్ళంతా?" అన్నాడు పాల్.

"నాకే," అంది స్టెల్లా.